ఏం చేస్తుంటారు? ఉద్యోగం పేరు వద్దు, పని చెప్పండి

జమాఖర్చు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఈ చర్చ పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కొత్తవాళ్లు ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అని అడిగితే మనం ఉద్యోగం పేరు చెప్తాం, వాళ్లు "ఓహో" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. మొన్న మా పాప అడిగింది, "నాన్నా, ఆఫీసుకెళ్లి నువ్వు చేసేదేంటి?" అని. "అకౌంట్స్" అన్నాను. "అంటే?" అంది. విడమరిచి చెప్పేసరికి పావుగంట పట్టింది. చెప్తుంటే మాత్రం నాకే భలే ఉత్సాహం వచ్చింది.

ముందు నా సంగతి. శుక్రవారం సాయంత్రం లెక్క తేలలేదు, 360 తేడా వచ్చింది. దాన్ని 9తో భాగించాను. 40 సార్లు పోయింది, శేషం లేదు. తేడా ఇలా 9తో తెగితే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చని మా సీనియర్ గారు నేను చేరిన మొదటి నెలలోనే నేర్పారు. ఇక మొత్తాలు చూడటం మానేసి, తిరగేస్తే 360 తేడా వచ్చే అంకెల కోసం వెతికాను. 7,620 పడాల్సిన చోట 7,260 పడి ఉంది. దొరికిన క్షణంలో లేచి నిలబడ్డాను, పక్క సీటాయన కంగారుపడ్డాడు కూడా.

ప్రతి మొత్తం రెండు చోట్ల పడాలి, ఆ రెండు వైపులూ సరిపోవాలి. ఈ జంటపద్దు పద్ధతిని లూకా పాచోలీ అనే ఇటలీ సన్యాసి 1494లో అచ్చేసిన పుస్తకంలో వివరించాడు. ఇప్పుడు కంప్యూటర్లో చేసేదీ అదే.

మీరూ చెప్పండి. హోదా, కంపెనీ పేరు ఏమీ వద్దు. మీ చేతులు ఏం చేస్తాయో చెప్పండి చాలు.

నాలుగ్గంటలు | సోమవారం, రాత్రి 10:05

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని, అంటే కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తాన్ని మెషిన్‌తో శుభ్రం చేస్తాను. చేరి 9 ఏళ్లయింది.

పొద్దున ఐదున్నరకి వెళ్లగానే చేసే మొదటి పని నీళ్ల పరీక్ష. ఇంట్లో కుళాయి నీళ్లు బాగుండటానికి కలిపే క్లోరిన్, క్లోరమైన్ మా మెషిన్‌లోకి వస్తే రక్తకణాలు పగిలిపోతాయి. తాగితే ఏమీ కాదు, కడుపు చూసుకుంటుంది. మా దగ్గర మాత్రం నీళ్లకీ రక్తానికీ మధ్య సన్నటి పొర ఒక్కటే అడ్డం. ఒక్కో పేషెంట్‌కి నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలు, అంటే ఆ నీళ్లతో కలిపిన ద్రావణం 120 లీటర్లు ఆ పొర పక్క నుంచి పారుతుంది. అందుకే మొదటి పేషెంట్ లోపలికి రాకముందే కార్బన్ ఫిల్టర్ దాటిన నీళ్లు పట్టి, చుక్కల మందు వేసి, రంగు మారుతుందేమో చూస్తాను. అదయ్యేదాకా ఎవరు పిలిచినా పలకను.

తర్వాత చెయ్యి. చాలామందికి మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో ధమనినీ సిరనీ కలిపి ఆపరేషన్ చేసి ఉంటారు, ఫిస్టులా అంటాం. దాని మీద వేళ్లు ఆనిస్తే లోపల జుమ్మని అదురుతూ ఉంటుంది. పిల్లిని ఒళ్లో పెట్టుకుంటే తెలిసే అదురు లాంటిది. ఆ అదురు ఉందా లేదా అన్నది సూది తీయకముందే చూస్తాను. లేకపోతే రక్తం లోపల గడ్డకట్టిందేమోనని వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. మా పేషెంట్లందరికీ నేర్పాను, రోజూ పొద్దున లేవగానే ఒకసారి చెయ్యి ఆనించి చూసుకోమని. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, ఆ చేతి నుంచి రక్తం తీయనివ్వకూడదు. ఇది చదివేవాళ్ల ఇంట్లో ఎవరైనా ఉంటే దయచేసి గుర్తుపెట్టుకోండి.

వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. లెక్క వేసుకోండి, వాళ్ల చుట్టాల కంటే నేనే ఎక్కువ చూస్తాను వాళ్లని. ఎవరి మనవరాలు ఏ పరీక్ష రాసిందో కూడా నాకు తెలుసు. ఎవరైనా రాని రోజు ఆ కుర్చీ వైపు చూడలేను.

విల్లెమ్ కోల్ఫ్ అనే డాక్టర్ 1943లో నెదర్లాండ్స్‌లో, యుద్ధం నడుస్తుండగా ఈ యంత్రం తయారు చేశాడు. మొదట చికిత్స చేసినవాళ్లలో దాదాపు అందరూ చనిపోయారు. అయినా ఆయన వదల్లేదు. 1945లో ఒక పెద్దావిడ బతికింది. ఆ రెండేళ్లు ఆయన ఎలా నిద్రపోయాడో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

తాడూబరువూ | సోమవారం, రాత్రి 11:20

అక్కా, చదివి మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ఆమెకీ ఫిస్టులా ఉండేది. ఆ అదురు నాకు బాగా తెలుసు. మీలాంటి వాళ్లకి దణ్ణం.

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. లిఫ్ట్ అంటే పైకి లాగే మోటారు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది త్రాసు లాంటిది. తాడుకి ఒక వైపు మీరు ఎక్కే పెట్టె, రెండో వైపు ఇనప దిమ్మలు. దిమ్మల బరువు ఖాళీ పెట్టె బరువు కంటే ఎక్కువే ఉంటుంది. పెట్టె మోయగల బరువులో 40 నుంచి 50 శాతం దాకా అదనంగా పెడతాం. అందుకని లోపల ఒక్కరే ఉన్నప్పుడు బ్రేకు వదిలితే పెట్టె కిందికి రాదు, పైకి పోతుంది. చెప్తే ఎవరూ నమ్మరు.

ఎవరైనా ఇరుక్కుంటే ఫోన్ వస్తుంది. వెళ్లగానే పనిముట్లు తీయను. ఇరుక్కున్న అంతస్తుకి వెళ్లి తలుపు దగ్గర నోరు పెట్టి నా పేరు చెప్తాను. "నేను మెకానిక్‌ని, వచ్చేశాను. మీరెంతమంది? తలుపు మీద చెయ్యి వేయకండి, గోడకి ఆనుకుని కూర్చోండి" అంటాను. పోయిన నెల ఒక పెద్దావిడ, ఆవిడతో చిన్న పిల్లాడు. పిల్లాడు ఏడవట్లేదు, ఆవిడే వణికిపోతోంది. గాలి అయిపోతుందేమో అంది. అయిపోదమ్మా, పెట్టెకి గాలి సందులు ఉంటాయి అన్నాను. తర్వాత మెయిన్ ఆపి, మిషన్ రూములో చేత్తో బ్రేకు కొంచెం కొంచెం వదులుతూ పెట్టెని దగ్గరి అంతస్తు దాకా జరిపాను. మధ్యమధ్యలో కిందికి అరిచి చెప్తూనే ఉన్నా, "కదులుతుంది, భయపడకండి" అని. చెప్పకుండా కదిపితే మనిషి గుండె ఆగినంత పనవుతుంది. తలుపు తీశాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఒక్కటే బతిమాలుకుంటాను: మధ్యలో ఆగితే తలుపులు విడదీసి దూకొద్దు. ఇరుక్కున్నవాళ్లకి దెబ్బలు తగిలేది ఎక్కువగా అలా బయటికి రాబోయినప్పుడే. పెట్టెకీ అంతస్తుకీ మధ్య ఖాళీలో పడతారు.

గుండుసూది | మంగళవారం, ఉదయం 7:30

అన్నా, తాడు తెగితే? నాకు ఎప్పుడూ అదే టెన్షన్.

తాడూబరువూ | మంగళవారం, ఉదయం 7:52

చెల్లెమ్మా, తాడు ఒక్కటే ఉండదు, మామూలుగా నాలుగైదు ఉక్కు తాళ్లు ఉంటాయి, ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్ల బలంతో. అన్నీ పోయాయనే అనుకో. పెట్టె వేగం హద్దు దాటగానే గవర్నర్ అనే చక్రం పట్టేస్తుంది, పెట్టె కింద ఉన్న దవడలు రెండు పక్కల పట్టాలనీ కరిచేస్తాయి. అలాంటి ఏర్పాటుతో ఎలీషా ఓటిస్ అనే అమెరికా ఆయన 1854లో న్యూయార్క్‌లో తానే ఎత్తు మీద నిలబడి, జనం చూస్తుండగా తాడు నరికించాడు. పెట్టె ఆగిపోయింది.

ఇంకో మాట. కరెంటు పోతే బ్రేకు పోతుందని భయపడతారు. అదీ తప్పే. బ్రేకుని పట్టి ఉంచేది స్ప్రింగు. కరెంటు పని దాన్ని విడిపించడమే. కరెంటు పోతే స్ప్రింగు వెంటనే బిగిస్తుంది. నాకు భయం వేసేది ఇవి చూసి కాదు, నెలనెలా చేయించాల్సిన సర్వీసు "బానే నడుస్తోందిగా" అని వాయిదా వేసే భవనాల్ని చూసి.

రెండుపట్టాలు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

లిఫ్టు తమ్ముడు చెప్పింది అక్షరాలా మా బండికీ వర్తిస్తుంది. నేను గూడ్స్ నడుపుతాను. మా బ్రేకు గాలితో పనిచేస్తుంది, కానీ గాలి ఉంటే బ్రేకు పడదు, పోతే పడుతుంది. బండి మొదటి నుంచి చివరి దాకా ఒకే గొట్టం. మధ్యలో పెట్టెలు విడిపోతే గొట్టం తెగి గాలి పోతుంది, రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే అమెరికా ఇంజనీర్ 1870ల మొదట్లో తెచ్చిన పద్ధతి ఇది, అంతకుముందు బ్రేకులకి మనుషులు పెట్టెల మీద నడుస్తూ చక్రాలు తిప్పాల్సి వచ్చేది.

ఇంత ఉన్నా, బరువుతో పరిగెడుతున్న బండి గట్టిగా బ్రేకు వేశాక కూడా ఆగడానికి కిలోమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇనుము మీద ఇనుము, పట్టు తక్కువ. పట్టాల మీద మనిషి కనబడితే మేం చేయగలిగింది బ్రేకు వేసి హారన్ మోగించడమే. ఆ తర్వాత చూస్తూ కూర్చోవాలి. నాకు రెండుసార్లు జరిగింది. అంతకంటే రాయలేను. చెవిలో పాటలు పెట్టుకుని పట్టాలు దాటే పిల్లలకి మీరు చెప్పండి, చాలు.

ఎర్రఅద్దం | మంగళవారం, సాయంత్రం 6:45

వెల్డర్‌ని. పీడనం ఉండే పైపులు అతుకుతాను.

మా పనిలో విచిత్రం ఏంటంటే, ఇవాళ అద్దంలా మెరిసే అతుకు ఎల్లుండి పగలొచ్చు. రాడ్డు పూతలో కాస్త తేమ ఉంటే అందులోంచి హైడ్రోజన్ కరిగిన లోహంలోకి చేరుతుంది. చల్లారాక అది లోపల మెల్లగా పనిచేసి బీటలు తెస్తుంది. అందుకే గట్టి ఉక్కు మీద చేసిన అతుకుల్ని 48 గంటలు ఆగాక పరీక్ష చేస్తారు. రాడ్లని వేడి పెట్టెలో దాచి, కావలసినన్నే తీసుకుంటాను. కొత్త పిల్లలు రాడ్లు బయట వదిలేస్తే నాకు కోపం ఆగదు.

ఎక్స్‌రే ఫిల్మ్ వచ్చిన రోజు అతుకు వేసినవాడికే తెలుస్తుంది ఆ గుండె దడ. చిన్న నల్ల చుక్క ఉంటే కోసి మళ్లీ చేయాలి. పోయిన వారం 14 అతుకులు వెళ్లాయి, 14 పాసయ్యాయి. ఇంట్లో చెప్తే సరే అన్నారు. ఇక్కడైతే అర్థం చేసుకుంటారని రాస్తున్నా.

తాడూబరువూ | మంగళవారం, సాయంత్రం 6:58

14కి 14! అన్నా, శభాష్.

రెండువాక్యాలు | మంగళవారం, రాత్రి 9:30

అన్నీ చదివాను. నేను సబ్‌టైటిల్స్ రాస్తాను, ఇంగ్లిష్ సీరియళ్లకి తెలుగులో. తెర మీద ఒకసారికి రెండు పంక్తులే, ఒకటి 7 సెకన్లకు మించి ఉండకూడదు. మనిషి గబగబా మాట్లాడేస్తే సగం మాటలు వదిలేయాలి. ఏ సగం అన్నదే పని. అది ఎలాగో అలవాటవుతుంది.

అలవాటు కానివి వేరే ఉన్నాయి. ఇంగ్లిష్‌లో "సిస్టర్" అంటారు. అక్కా, చెల్లా? మొదటి భాగంలో తెలియదు. నేను అక్క అని రాసేస్తాను, ఆరో భాగంలో ఆ పిల్ల చిన్నదని తేలుతుంది. మళ్లీ వెనక్కి పోయి అన్నీ దిద్దాలి. "అంకుల్" అంటే బాబాయా, పెదనాన్నా, మామయ్యా? వాళ్లకి ఒక్క మాటలో పోయేది మనకి మొత్తం వంశవృక్షం తెలిస్తే గానీ రాయలేం. అందుకే ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు మొత్తం చూసేసి, ఒక కాగితం మీద చుట్టరికాలు గీసుకుంటాను.

"వుయ్" ఇంకా ప్రమాదం. మనమా, మేమా? ఒక నేర పరిశోధన కథలో ఒకామె పోలీసుతో "ఆ రాత్రి వుయ్ వర్ దేర్" అంటుంది. "మనం" అని రాస్తే ఆ పోలీసు కూడా అక్కడున్నట్టు, అంటే కథలో గుట్టు నా చేతుల మీదుగా బయటపడినట్టు. "మేం" అని రాస్తే చివర్లో జరిగేదానికి అబద్ధం. రెండు రోజులు ఆలోచించాను. చివరికి సర్వనామమే తీసేసి "ఆ రాత్రి అక్కడే" అని రాశాను.

అన్నిటికంటే ఇష్టమైనది "యూ". ఇద్దరు మనుషులు మీరు నుంచి నువ్వుకి ఏ క్షణంలో మారతారు? ఇంగ్లిష్ నటులకి ఆ సంగతే తెలియదు, వాళ్లకి ఒకటే మాట. నేనే చూసి కనిపెట్టాలి. ఒక కథలో ఇద్దరూ వానలో బస్సు కోసం నిలబడి ఉంటారు, ఆమె అతని తడిసిన చొక్కా చెయ్యి పైకి మడుస్తుంది. అక్కడ మార్చాను. అది ఎవరూ గమనించకపోయినా, అందరికీ సరిగ్గానే అనిపించి ఉంటుందని నా నమ్మకం.

నిద్రపక్కన | బుధవారం, ఉదయం 6:15

మత్తు డాక్టర్‌ని. "సూది వేసి వెళ్లిపోతారు కదా" అని అందరూ అంటారు. వెళ్లం. మీరు కళ్లు తెరిచేదాకా తల దగ్గరే ఉంటాం. మెషిన్ మీ నాడికి తగ్గట్టు టిక్ టిక్ అంటూ ఉంటుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఆ శబ్దం శ్రుతి దిగుతుంది. కళ్లు వేరే చోట ఉన్నా చెవి పట్టేస్తుంది. ఇంట్లో టీవీలో అలాంటి శబ్దం వచ్చినా తలెత్తి చూస్తాను. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ జనం ముందు ఈథర్ ఇచ్చి చూపించేదాకా, ఆపరేషన్ అంటే నలుగురు పట్టుకోవడమే.

ఇప్పుడు లోపలికి వెళ్లాలి, తర్వాత రాస్తాను.

పక్కమంచం | బుధవారం, మధ్యాహ్నం 1:40

నేను ఇళ్లలో మంచాన పడ్డవాళ్లని చూసుకుంటాను. పెద్ద చదువు లేదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతాను, రాత్రి కూడా అలారం పెట్టుకుని. తిప్పకపోతే నడుం దగ్గర, మడమల దగ్గర చర్మం చితికి పుండ్లు పడతాయి. ఇప్పుడు చూసే తాతగారికి 11 నెలలైంది, ఒక్క పుండు లేదు. డాక్టర్ గారు వచ్చి వీపు చూసి "ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగారు. నేనండి అన్నాను.

జమాఖర్చు | బుధవారం, మధ్యాహ్నం 2:05

అమ్మా, 11 నెలలు రెండేసి గంటలకి అంటే దాదాపు 4,000 సార్లు. లెక్క కట్టి చూసి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఒత్తుపొల్లు | బుధవారం, రాత్రి 11:48

రాయాలా వద్దా అని మూడు రోజులుగా చూస్తున్నాను. నేను ప్రస్తుతం ఏ పనీ చేయడం లేదు. ఒక ముద్రణ సంస్థలో 22 ఏళ్లు ప్రూఫులు దిద్దాను. ఏడు నెలల క్రితం ఆ విభాగమే తీసేశారు. "ఏం చేస్తుంటారు" అన్న ప్రశ్న అప్పటినుంచి గొంతుకి అడ్డంపడుతోంది. పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాను.

చేసిన పని చెప్పొచ్చా? పేజీ మీద స్కేలు పెట్టి ఒక్కో పంక్తీ దించుకుంటూ చదివేవాణ్ని. రెండోసారి చివరి పంక్తి నుంచి పైకి. అలా చదివితే అర్థం మనసుని లాక్కుపోదు, అక్షరాలే కనిపిస్తాయి. "బాధ"ని "భాద" అనీ, "దృఢం"ని "ధృడం" అనీ, "చిహ్నం"ని "చిన్హం" అనీ రాస్తారు. ఒత్తు ఒక అక్షరం నుంచి పక్క అక్షరానికి జరిగిపోతుంది, చదివేవాడి కన్ను సరిచేసుకుని ముందుకి పోతుంది. నా కన్ను పోదు. పైన డాక్టర్ గారు "శ్రుతి" అని సరిగ్గా రాశారు, పదిమందిలో ఎనిమిదిమంది "శృతి" అంటారు. చూసి సంతోషమేసింది.

జమాఖర్చు | గురువారం, ఉదయం 6:20

చెప్పొచ్చా అని అడగకండి సార్. ఈ చర్చ అందుకే పెట్టింది.

నాలుగ్గంటలు | గురువారం, ఉదయం 9:50

మొదటి షిఫ్ట్ పేషెంట్లకి మీ పోస్టు చదివి వినిపించాను. అందులో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉన్నారు. "చివరి పంక్తి నుంచి పైకి చదవడం నాకెవరూ చెప్పలేదే" అని నాలుగు గంటలూ అదే మాట.

రెండువాక్యాలు | గురువారం, ఉదయం 11:15

ఒత్తుపొల్లు గారూ, నా సబ్‌టైటిల్స్ నేనే దిద్దుకుంటాను, నా తప్పులు నాకు కనపడవు. మా దగ్గర ఒకరు కావాలని నెల నుంచి అడుగుతున్నారు. పక్కా ఉద్యోగమని నేను మాట ఇవ్వలేను, సీరియల్‌కి ఇంత అని ఇస్తారు. ఒక ఫైల్ మెసేజ్‌లో పంపాను, ఆరు భాగాలు. వీలుంటే చూడండి, చూసినదానికి లెక్క కట్టి ఇప్పిస్తాను.

ఒత్తుపొల్లు | గురువారం, సాయంత్రం 4:30

అందింది. స్కేలు పెట్టడానికి తెర మీద కుదరలేదు, ప్రింట్ తీయించాను.

ఒత్తుపొల్లు | గురువారం, రాత్రి 10:40

మూడు భాగాలు అయ్యాయి. అక్షర దోషాలు 17, గుర్తు పెట్టి పంపాను. ఇంకొకటి దోషం అవునో కాదో నాకు తెలియదు, అడుగుతున్నాను. మొదటి భాగంలో ఆ పిల్ల ఆవిడని పిన్ని అంటుంది. మూడో భాగంలో, ఆస్పత్రి వరండాలో, అత్తయ్యా అని పిలుస్తుంది. ఏది ఉంచమంటారు?

రెండువాక్యాలు | గురువారం, రాత్రి 10:43

అయ్యో. వాళ్లమ్మకి సొంత చెల్లెలు. పిన్ని ఉంచండి.

ఒత్తుపొల్లు | గురువారం, రాత్రి 10:44

దిద్దాను. నాలుగోది మొదలుపెడుతున్నాను.